బుట్టలో దిగిన తుపాను

బుధవారం పొద్దున ఇన్షిరాహ్ వేసుకున్న పథకం ఏమంత పెద్దది కాదు. ఏడింటికి బాల్కనీలో కూర్చుని రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినాలి. విన్నవాటిలోంచి పది మాటలు ఏరి కాగితం మీద పెట్టాలి. ఆ పైన తాడు కట్టిన బుట్టను కిందికి దింపి, శనూదా కొట్టు నుంచి ఉప్పు జున్ను, ఆలివ్ కాయలు, గుడ్లు పైకి లాక్కోవాలి. తిని, ఎనిమిదింటికల్లా హోటలుకి నడిచిపోవాలి. యాభై రెండేళ్ల బతుకులో ఇంతకు పదింతల పనులు ఒంటిచేత్తో చక్కబెట్టిన మనిషికి ఇదొక లెక్కా? కానీ పెద్ద పనులు మనిషిని ఎప్పుడూ ముంచవు. ముంచేవన్నీ ఇలాంటి జున్ను ముక్కలే.

ఈ ఇంగ్లీషు గోల ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. అలెగ్జాండ్రియాలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో ఇన్షిరాహ్ ఇరవై రెండేళ్లుగా దుప్పట్ల గదిలో పని చేస్తోంది. చిరిగినవి కుట్టడం, ఉతికినవి ఇస్త్రీ చేయడం, మడతలు పెట్టడం. గదుల పనివాళ్లందరికీ పెద్దగా ఉండే ముసలావిడ ఈ నెలాఖరుకి పని మానేస్తోంది. ఆవిడ నడుముకి ఒక తాళాల గుత్తి వేలాడేది. ఆవిడ వరండా మలుపు తిరగక ముందే ఆ గుత్తి చప్పుడుకి పనివాళ్లంతా చేతిలో ఏదో ఒక పని పెట్టుకునేవాళ్లు. ఆ చప్పుడు తన నడుము దగ్గర వినపడాలని ఇన్షిరాహ్ కోరిక. చిన్న కోరికే కానీ, ఇరవై రెండేళ్లు జాడీలో ఊరిన కోరిక.

హోటలు మేనేజరు ఒకటే మాట అన్నాడు. "నీ పనికి వంక పెట్టేవాడు లేడమ్మా. కానీ వచ్చి దిగేవాళ్లంతా పరదేశులాయె. గురువారం సాయంత్రం వగ్దీ మాస్టారి పరీక్ష గట్టెక్కావా, తాళాలు నీవి. లేదంటే శనివారం కైరో నుంచి ఇంగ్లీషొచ్చిన పిల్ల దిగుతుంది."

వగ్దీ మాస్టారు ఒకప్పుడు ఓడరేవులో పరదేశి కాగితాలు తర్జుమా చేసేవాడు. ఇప్పుడు తాళ్ల కొట్టు మీది గదిలో పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెబుతున్నాడు. ఆయన పద్ధతే వేరు. "పుస్తకంలో మాటలు ఎండుచేపలమ్మా," అనేవాడు. "వార్తల్లో మాటలైతే అప్పుడే వల్లోంచి తీసినట్టు కొట్టుకుంటూ ఉంటాయి. వాటిని పట్టుకోవాలి." రోజూ వార్తలు కళ్లు మూసుకుని వినమన్నాడు. పది మాటలు పట్టి, పక్కన మన భాషలో అర్థం రాసి, కాగితం నాలుగు మడతలు పెట్టి దాచేయమన్నాడు. మర్నాడు క్లాసు దాకా దాన్ని మళ్లీ తెరవకూడదు. "ఫూల్ చిక్కుడు గింజలు రాత్రంతా నానితేనే కదా పొద్దున ఉడికేది? నిమిషానికోసారి మూత తీసి చూస్తే ఏ గింజా నానదు." ఇన్షిరాహ్‌కి ఈ మాట బాగా ఎక్కింది. గింజలు నానబెట్టడంలో ఆవిడకి ముప్పై ఏళ్ల అనుభవం.

ఇక కాగితం సంగతి. ఆవిడ మొగుడు రిజ్క్ ఓడరేవు వాతావరణ కార్యాలయంలో టీ కాచే ఉద్యోగి. ఆఫీసులో తప్పు అచ్చయిన కాగితాలు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకునేవాడు. నెత్తిన ప్రభుత్వం వారి గద్ద బొమ్మ, కింద 'వాతావరణ శాఖ' అని నల్లటి అక్షరాలు, మిగతాదంతా తెల్లగా. సరుకుల చీటీకి ఇన్షిరాహ్ ఎప్పుడూ గోడ క్యాలెండరు చింపేది. గద్ద బొమ్మ కాగితం మాత్రం ఇంగ్లీషుకే. దేని మర్యాద దానికి ఉండాలి కదా.

ఆ బుధవారం వార్తల్లో ఎక్కడో దూరదేశపు దీవి మీదికి తుపాను వచ్చింది. ఇన్షిరాహ్ పెన్సిలు పరుగెత్తింది. ఎన్నడూ లేనిది, వరసగా పది మాటలు వలలో పడ్డాయి. కాగితం మడిచింది. ముందే రాసిపెట్టుకున్న సరుకుల చీటీ కూడా మడిచే ఉంది. వార్తలు ఇంకా అయిపోలేదు. మాస్టారి ఆజ్ఞ ప్రకారం మళ్లీ కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకునే ఒక కాగితం చేతిసంచిలో పెట్టుకుంది. కళ్లు మూసుకునే రెండోది బుట్టలో వేసి, తాడు వదిలింది. ముప్పై ఏళ్లుగా దింపుతున్న బుట్ట, చేతికి దారి తెలుసు.

కింద శనూదా, కళ్లద్దాలు దారంతో మెడకి కట్టుకున్న అరవై ఏళ్ల మనిషి, బుట్టలోంచి కాగితం తీశాడు. ఆయనకి ఏ చీటీనైనా పైకి చదవడం అలవాటు. పక్కన ఉమ్ లుత్ఫీ నిలబడి ఉంది. ఆవిడది అదే మేడలో కింది వాటా. వీధిలో ఎవరింట్లో ఏ గిన్నె మాడినా ముందు వాసన పట్టేది ఆవిడే.

గద్ద బొమ్మ చూడగానే శనూదా గొంతు తగ్గింది.

"తుపాను," అని చదివాడు.

"ఏ తుపాను?" అంది ఉమ్ లుత్ఫీ. "చీపురు తుపానుకి ఇంకా మూడు వారాలుందిగా!"

ఆ ఊళ్లో చలికాలపు తుపానులన్నిటికీ పేర్లున్నాయి, తేదీలున్నాయి. చీపురు తుపాను ఎప్పుడొస్తుందో, దాని వెనక ఖాసిం తుపాను ఎప్పుడొస్తుందో పసివాళ్లు కూడా చెబుతారు. ఏటా వచ్చే చుట్టాలు కాబట్టి ఎవరూ భయపడరు, కిటికీలు మూసుకుంటారు. కానీ పేరూ తేదీ లేకుండా, చెప్పాపెట్టకుండా వచ్చే తుపానా? అలాంటిది ఎవరూ వినలేదు.

"పేరు రాయలేదు," అన్నాడు శనూదా.

"పేరు పెట్టే తీరిక కూడా లేదన్నమాట! ఇంకేం రాశారు?"

"తీరం... హెచ్చరిక... ఓడరేవు... మూసివేత... పిండి... కొరత... ఖాళీ చేయించుట..." శనూదా వేలు ఒక్కో మాట మీదా ఆగుతూ పోయింది. "పక్కన ఇంగ్లీషులో కూడా రాశారమ్మా. పై దేశాల నుంచి వచ్చిన కబురు. అధికారులు... ఖండించారు."

ఆ చివరి మాట దగ్గర ఆయన కళ్లద్దాలు తీసేశాడు.

"ఖండించారా?" అంది ఉమ్ లుత్ఫీ, రొమ్ము మీద చెయ్యేసుకుని. "అయితే నిజమే! మొన్న చక్కెర ధర పెరుగుతుందన్న మాటని ఖండించి, ఆనక పెంచలేదూ?"

శనూదా బాల్కనీ కేసి తలెత్తాడు. "ఇన్షిరాహమ్మా! ఇది నిజమేనా?"

పైన వార్తలు ఆఖరి ముక్కలో ఉన్నాయి. ఇన్షిరాహ్ ఒక చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది. రెండో చేతి అయిదు వేళ్లూ మొగ్గలా ముడిచి, కాస్త ఆగమన్నట్టు కిందికీ పైకీ ఆడించింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"చూశావా?" అన్నాడు శనూదా. "అరవొద్దంటోంది. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది పాపం."

"రిజ్క్ ఉద్యోగానికే ముప్పు కదా మరి! అయినా ఎంత మంచి మనసో చూడు. మనకోసం ఆఫీసు కాగితమే దొంగతనంగా పంపింది. శనూదా అన్నా, దాని పేరు బయటికి వచ్చిందో..."

"ఛ! ఏసుప్రభువు మీద ఒట్టు. నా గొంతు కోసినా చెప్పను."

ఆ ఒట్టు ఆయన నిలబెట్టుకున్నాడు. పేరు చెప్పలేదు. తక్కినదంతా చెప్పాడు.

పైకి లాగేసరికి బుట్ట బరువెక్కి ఉంది. అందులో అయిదు కిలోల పిండి, ఒక కట్ట కొవ్వొత్తులు, నాలుగు అగ్గిపెట్టెలు. జున్ను లేదు, గుడ్లు లేవు. "ముసలాయనకి బుట్టలు తారుమారైనట్టున్నాయి," అనుకుంది ఇన్షిరాహ్. టైమైపోతోంది. ఉత్త రొట్టె నములుకుంటూ మెట్లు దిగింది. కొట్టు ముందు అప్పుడే పదిమంది జనం. శనూదా ఆవిణ్ణి చూసి గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

"ఏమన్నా, గుడ్లు మర్చిపోయావా? సరేలే, సాయంత్రం తీసుకుంటా," అని నడిచిపోయింది.

"గుడ్లట!" అన్నాడు శనూదా ఆవిడ వెళ్లాక. "ఎంత గుండె నిబ్బరం! ఏమీ ఎరగనట్టు ఎలా నడిచిపోతోందో చూడండి."

సాయంత్రం నాలుగింటికి ఇన్షిరాహ్ తిరిగొచ్చేసరికి వాళ్లుండే అన్ఫూషి పేట మొహం మారిపోయింది. తీగల మీద ఒక్క బట్ట లేదు. జాలర్లు పడవల్ని ఇసక మీదికి లాగి తాళ్లు బిగిస్తున్నారు. దారిన పోయే ఒక్కొక్కరి నెత్తిన పిండి మూట. సముద్రం మాత్రం నూనె పోసినట్టు నున్నగా, ఎండకి తళతళలాడుతూ ఉంది. ఆ నున్నదనం చూసే జనం ఇంకా హడలిపోయారు.

మెట్ల మీద దారి లేదు. మంగలి కొట్టు ఉస్తా బయూమీ తన తిరుగుడు కుర్చీని వీపున వేసుకుని, మూడో అంతస్తు మలుపులో ఇరుక్కుపోయి ఉన్నాడు.

"ఉస్తా, ఆ కుర్చీతో ఎక్కడికి?"

"మీ ఇంటికే తల్లీ. నాలుగో అంతస్తు దాకా నీళ్లెక్కవుగా?"

"ఏం నీళ్లు?"

"అలాగే అను. అలా అనడమే నీకు క్షేమం," అని కన్ను గీటాడు బయూమీ. "మా అయ్య నాటి కుర్చీ. ఇది మునిగితే నేనూ మునిగినట్టే. కాస్త వెనక నుంచి ఎత్తమ్మా."

ఎత్తింది. ఎత్తక ఏం చేస్తుంది? పైకి వెళ్తే ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఉమ్ లుత్ఫీ దగ్గరుంటుంది, అవసరానికి. హాలు నిండా పరుపులు, కుట్టుమిషన్లు, కొత్త కోడలి అద్దాల బీరువా. వంటింట్లోంచి క్వాక్ క్వాక్ అంటూ గోల.

"ఉమ్ లుత్ఫీ వదినా! వంటింట్లో ఏమిటవి?"

"బాతులు."

"బాతుల్ని నీళ్లొస్తాయని పైకి తెచ్చావా? వాటికి ఈత రాదూ?"

"మా లుత్ఫీ నిశ్చితార్థానికి మేపినవి వదినా! అడుగు తీసి అడుగు వేయలేనంత కొవ్వు పట్టాయి. నీళ్లలో పడితే బుడుంగున మునుగుతాయి. తుపాను తగ్గాక కడిగిచ్చేస్తాలే నీ వంటిల్లు."

"ఏ తుపాను వదినా? నాకేం తెలీదే!"

ఉమ్ లుత్ఫీ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు అలాగే అనాలి. నేనూ అలాగే అంటా. మన మధ్య ఇరవై ఏళ్ల ఉప్పూ రొట్టే ఉన్నాయి."

ఇన్షిరాహ్ మళ్లీ నాలుగు అంతస్తులూ దిగి శనూదా దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, ఈ కబురు నీకెవరు చెప్పారు?"

శనూదా అటూ ఇటూ చూశాడు. "ఎవరు చెప్పారో నాకు తెలీదు. నీకూ తెలీదు. ఆ చెప్పినవాళ్లక్కూడా తెలీదు. సరేనా?"

"అంత రహస్యమా?"

"అంతకంటే," అన్నాడు శనూదా. ఇంత గొప్పగా నటించే ఆడదాన్ని ఈ పేటలో చూడలేదని మనసులో మెచ్చుకున్నాడు. ఇన్షిరాహ్ కొట్లో మిగిలిన మూడు కిలోల పిండీ కొనేసింది.

పొద్దుగూకే వేళకి రిజ్క్ వీధి మొదట్లోకి రాగానే జనం చుట్టుముట్టారు. టీ కాచేవాడే అయినా, ఆ పేట మొత్తానికి వాతావరణ శాఖ అంటే రిజ్కే. రేపు ఉతకొచ్చా, ఎల్లుండి చేపల వేటకి వెళ్లొచ్చా అని ఆయన్నే అడిగేవారు.

"రిజ్క్ అన్నా, తుపానుందా లేదా?"

"తుపానా? నాకెవరూ చెప్పలేదే. ఏమీ లేదు," అన్నాడు రిజ్క్ అమాయకంగా.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఖండించాడు. అంతే, ఇంకా తటపటాయిస్తున్నవాళ్లు కూడా పిండి కోసం పక్క పేటకి పరుగు తీశారు.

ఇంటికొచ్చి మంగలి కుర్చీలో కూలబడ్డాడు రిజ్క్. కూర్చోడానికి ఇంకేం మిగల్లేదు మరి.

"ఏమయ్యా, నిజం చెప్పు," అంది ఇన్షిరాహ్. "మీ ఆఫీసులో ఏమనుకుంటున్నారు?"

"టీ తెమ్మంటారు, అంతే. నాతో ఎవరంటారే?" రిజ్క్ కాసేపు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ మొహం పాలిపోయింది. "కానీ ఇవాళ డైరెక్టరు కాఫీలో చక్కెర వద్దన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి."

"అయ్యో అల్లా!" అంది ఇన్షిరాహ్. ఆ డైరెక్టరుకి ముందురోజే డాక్టరు షుగరుందని చెప్పాడన్న సంగతి వాళ్లకేం తెలుసు?

గురువారం పొద్దున మైకు కట్టిన ప్రభుత్వ కారు వచ్చింది. "ప్రజలారా! తుపాను అన్నది వట్టి పుకారు! పిండి కొరత లేదు! ఎవరూ ఇళ్లు ఖాళీ చేయనక్కర్లేదు!" అని మూడు వీధులూ తిరిగింది. అప్పటిదాకా ఖాళీ చేయాలన్న ఆలోచనే రానివాళ్లు, ఆ మాట విని మూటలు కట్టుకున్నారు. మైకు కారు డ్రైవరు కూడా శనూదా కొట్టు దగ్గర ఆగి, ఆయన సొంతానికి దాచుకున్న పిండిలోంచి మెల్లగా రెండు కిలోలు కట్టించుకున్నాడు.

పరీక్ష కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఇన్షిరాహ్‌కి రేడియో దగ్గరికి దారి లేదు. అడ్డంగా అద్దాల బీరువా. కుర్చీ పైకొచ్చాక గిరాకీ కూడా పైకే వచ్చింది కాబట్టి, ఉస్తా బయూమీ హాల్లోనే గడ్డాలు గీస్తున్నాడు. వరసలో ఏడుగురు కూర్చుని ఉన్నారు. పైగా వాళ్లకి టీలు. సబ్బు నురగ దుస్తుల మీద, బాతులు కాళ్ల మధ్య.

నాలుగు గంటలకి ఆవిడ పెట్టె అడుగు నుంచి రబ్బరు బూట్లు, మొగుడి వానకోటు తీసింది.

"ఎక్కడికే?" అన్నాడు ఆ పూట పెందలాడే ఇంటికొచ్చిన రిజ్క్.

"పరీక్షకి."

"మతి పోయిందా? దారంతా సముద్రం వార! అల ఒక్కటి లేచిందంటే నిన్ను ఎత్తుకుపోతుంది!"

"ఎత్తుకుపోనీ. ఇరవై రెండేళ్లు ఎవరెవరి దుప్పట్లో మడిచాను. ఎల్లుండి కైరో పిల్ల గుత్తి కట్టుకుని నా ముందు గలగలమంటుంటే నేను వినలేనయ్యా. తుపాను వస్తే రానీ. తాళాలు తెచ్చుకునే మునుగుతా."

రిజ్క్ లేచాడు. గొడుగు తీసి చేతికిచ్చాడు.

మబ్బు తునక లేని ఆకాశం కింద, అక్టోబరు ఎండలో, మోకాళ్ల దాకా బూట్లు, చీలమండల దాకా వానకోటు వేసుకుని, గొడుగు విప్పి ఇన్షిరాహ్ వీధిలోకి దిగింది. మూటలు కట్టేవాళ్లు కూడా చేతులాపి చూశారు.

"చూశారా?" అన్నాడు శనూదా. "ఇంకా ఎవరికైనా అనుమానముందా?"

ఆవిడ వెనకే ఇరవై ఇళ్ల కిటికీలు దబదబా మూసుకున్నాయి. దారిలో చూసినవాళ్లు ఇళ్లకి పోయి బూట్లు తొడుక్కున్నారు. ఆవిడ తాళ్ల కొట్టు చేరేసరికి సముద్రపు రోడ్డంతా గొడుగులే.

పరీక్షకి తొమ్మిది మంది రావాలి. ముగ్గురొచ్చారు. ముగ్గురూ వానకోట్లలో చెమటలు కక్కుతున్నారు. వగ్దీ మాస్టారు కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు, వీళ్లని చూశాడు.

"అయిదు గంటల వార్తలు పెడతాను. విని ఇరవై ప్రశ్నలకి ఇంగ్లీషులో జవాబులు రాయాలి. పన్నెండు మార్కులొస్తే పాసు. ముందు మీ నిన్నటి మాటల కాగితాలు తెరిచి బల్ల మీద పెట్టండి."

ఇన్షిరాహ్ చేతిసంచిలోంచి మడతల కాగితం తీసింది. నాని నాని ఈపాటికి మెత్తబడి ఉంటుందని ధైర్యంగా తెరిచింది.

*జున్ను అరకిలో, పోయినసారిలా ఉప్పు కషాయం కాకుండా. ఆలివ్ నల్లవి. గుడ్లు ఆరు, పగిలినవి కాకుండా.*

క్యాలెండరు కాగితం. ఆవిడ దాన్ని తిప్పి చూసింది. వెనక తేదీ తప్ప ఏమీ లేదు. మరి గద్ద బొమ్మ కాగితం ఏమైనట్టు?

రేడియోలో గంట మోగింది. ఇంగ్లీషు గొంతు మొదలెట్టింది. మొదటి రెండు వార్తలు ఎప్పటిలాగే చేపల్లా చేతుల్లోంచి జారిపోయాయి. మూడోది మొదలవగానే ఇన్షిరాహ్ నిటారుగా కూర్చుంది. తుపాను, అంది రేడియో. తీరం, అంది. హెచ్చరిక, అంది. ఒక్కో మాటా వచ్చి ఆవిడ ఒళ్లో వాలుతోంది. అలెగ్జాండ్రియాలోని అన్ఫూషి పేటలో తుపాను వస్తుందన్న వదంతితో జనం పిండి కోసం ఎగబడ్డారట. ఓడరేవు మూసివేత అబద్ధమట. కొరత అప్పటిదాకా లేదట, ఇప్పుడు నిజంగానే వచ్చిందట. కొన్ని కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయట. అధికారులు ఖండించారట.

పదికి పది. తన మాటలే. దాదాపు తన వరసలోనే.

ఇన్షిరాహ్ బల్ల మీది కాగితం చూసింది. జున్ను అరకిలో. అప్పుడు కనిపించింది కళ్లముందు: మూసుకున్న కళ్లు, వదిలిన తాడు, దిగుతున్న బుట్ట. అయిదు కిలోల పిండి. గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచిన శనూదా. కొవ్వెక్కిన బాతులు. ఆవిడ మొహం టమాటాలా ఎర్రబడింది. ఏడవాలో నవ్వాలో తెలియక, వానకోటు కాలరులో మొహం దాచుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. మాస్టారు కళ్లెర్రజేశాడు.

వార్తలయ్యాక మాస్టారు నల్లబల్ల మీద రాసిన ప్రశ్నలన్నీ ఆ వార్త మీదే. ఇన్షిరాహ్ పెన్సిలు ఎక్కడా ఆగలేదు. జనం ఏం కొన్నారు? పిండి. అధికారులు ఏం చేశారు? ఖండించారు. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగింది. 'వదంతి ఎవరి వల్ల పుట్టింది?' రేడియో చెప్పింది ఆవిడకి బాగానే గుర్తుంది: వాతావరణ శాఖలో ఒక ఉన్నతాధికారి వల్ల అని స్థానికులు అంటున్నారట. టీ కాచే రిజ్క్‌కి పదకొండేళ్లలో రాని ప్రమోషను ఒక్క పూటలో వచ్చింది. ఆ మాటే రాసెయ్యొచ్చు. పెన్సిలు పెట్టబోయింది. పెట్టలేకపోయింది. అబద్ధం రాయడానికి ఆవిడకి అంత ఇంగ్లీషు రాదు. వచ్చిన నాలుగు ముక్కలే రాసింది: నేను. నా కాగితం. నా బుట్ట.

చీకటి పడక ముందే వీధికి తిరిగొచ్చి, వానకోటు తీసి చంకలో పెట్టుకుని, శనూదా కొట్టు మెట్టెక్కి నిలబడింది. "వినండమ్మా, వినండయ్యా! తుపానూ లేదు, గాడిద గుడ్డూ లేదు. అది నా పాఠం. ఇంగ్లీషు మాటలు రాసుకున్న కాగితం. సరుకుల చీటీ అనుకుని పొరపాటున బుట్టలో వేశాను!"

వీధంతా ఆవిడ కేసి జాలిగా చూసింది.

"పాపం, ఆఫీసు వాళ్లు బెదిరించి ఉంటారు," అంది ఉమ్ లుత్ఫీ. "దీని చేత కూడా ఖండింపజేశారు."

ఇన్షిరాహ్ క్యాలెండరు కాగితం తీసి శనూదా చేతిలో పెట్టింది. "చదువన్నా. పైకి చదువు."

శనూదా దారపు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "జున్ను అరకిలో. పోయినసారిలా ఉప్పు కషాయం కాకుండా..." అని ఆగి, బాగా నొచ్చుకున్నాడు. "మా జున్ను ఉప్పు కషాయమా అమ్మా?" అన్నాడు.

ఆ నొచ్చుకోవడం చూశాకే జనానికి నమ్మకం కుదిరింది. ముందు ఉస్తా బయూమీ నవ్వాడు. తర్వాత వీధి నవ్వింది. చివరికి ఉమ్ లుత్ఫీ కూడా, "రెండు రోజులు నా బాతులు నీ వంటింట్లో రెట్టలేశాయి, నీకేం తెలీదని మొదటే చెప్పావు పాపం, నేనే వినలేదు," అని చీపురు పట్టుకుని మెట్లెక్కింది. ఇళ్లల్లో ఉన్న పిండి ఏం చేయాలి మరి? ఆ వారమంతా పేటలో ప్రతి పెనం మీదా నేతి రొట్టెలే. కూర్చుని తినడానికి నాలుగో అంతస్తులో ఎలాగూ అందరి పరుపులూ ఉన్నాయి. మూడు వారాలకి చీపురు తుపాను తేదీ తప్పకుండా వచ్చింది. ఎవరూ కిటికీ కూడా మూయలేదు, ఇన్షిరాహ్ వానకోటు వేసుకోలేదు కాబట్టి.

శనివారం పొద్దున మేనేజరు పిలిచి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. పక్కనే మాస్టారు పంపిన జవాబు కాగితం. ఇరవైకి పంతొమ్మిది. వగ్దీ మాస్టారి క్లాసులో అన్ని మార్కులు అంతకు ముందు ఎవరికీ రాలేదు. ఇన్షిరాహ్ గుత్తి నడుముకి కట్టుకుని, ఒకసారి కావాలనే వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూసుకుంది. గలగలమంది. దుప్పట్ల గదిలో పిల్లలు గబగబా సర్దుకున్నారు.

పోయిన ఒక్క మార్కు పదిహేడో ప్రశ్నది: ఆవిడ జవాబు మీద మాస్టారు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, వార్తలు ఇంకాస్త శ్రద్ధగా వినమని రాశాడు.